కుక్క ఉందంటే కిరాయికి ఇల్లు ఇవ్వరా?

సంపాదకులకు నమస్కారం.

వీధి కుక్కల బెడద గురించి మీ జిల్లా పేజీల్లో తరచూ వార్తలు వస్తుంటాయి. ఫలానా కాలనీలో పిల్లాడిని కరిచాయని, రాత్రిపూట బండి మీద వచ్చేవాళ్ల వెంట పడుతున్నాయని, మున్సిపల్ వాళ్లు పట్టించుకోవడం లేదని రాస్తారు. అవన్నీ నిజమే, కాదనను. కానీ ఆ కుక్కల్లో కొన్ని మొన్నమొన్నటిదాకా ఎవరింట్లోనో పేరు పెట్టి పిలిస్తే తోకాడించుకుంటూ వచ్చినవేనని, ఇల్లు మారేటప్పుడు కొత్త ఓనరు ఒప్పుకోక రోడ్డు మీద వదిలేసినవని మాత్రం నేనెక్కడా చదవలేదు. మహబూబ్‌నగర్‌లో కిరాయి ఇల్లు వెతికి వెతికి విసిగిపోయిన మనిషిగా ఆ సంగతి రాస్తున్నాను, ఉత్తరం కొంచెం పెద్దదైనా వేస్తారని ఆశ.

మాది మామూలు కుటుంబం. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని, మా ఆయన ఎరువుల దుకాణంలో లెక్కలు రాస్తారు. ఇద్దరు పిల్లలు, అత్తమ్మ, ఒక పిల్లి, చిట్టి అనే నాటు కుక్క. చిట్టిని మేం సరదాకి కొనుక్కోలేదు. దేవరకద్ర దగ్గర ఊళ్లో మామయ్య పోయాక అత్తమ్మను మా దగ్గరికి తెచ్చుకుంటే ఆమెతో పాటు వచ్చింది. మామయ్య పొద్దున చేను కాడికి పోతే వెంట పోయి, మాపటికి వెంటే తిరిగొచ్చే కుక్క అది. ఇప్పుడు ఊళ్లో ఇంటికి తాళం పడింది, చేను కౌలుకిచ్చాం, ఆమెకు నాది అని చెప్పుకోవడానికి మిగిలింది ఆ కుక్క ఒక్కటే. పాలమూరులో ఇలాంటి ఇళ్లు ఎన్నో ఉంటాయి. పిల్లల చదువు కోసమనో, ముసలివాళ్ల వైద్యం కోసమనో, వానలు లేకనో ఊరు విడిచి టౌనుకి వచ్చినవాళ్లే కదా మనలో సగం మంది. మంచం, బీరువా, గిన్నెలు ట్రాలీలో ఎక్కించుకుని వస్తాం, మరి వాకిట్లో ఉన్న కుక్కను ఏం చేయాలి?

ఏళ్లుగా ఉన్న పాత ఇంట్లో మాకు ఏ ఇబ్బందీ రాలేదు. పాతకాలపు ఇల్లు, ముందు వాకిలి, వెనక చింతచెట్టు, ఓనరు వాళ్లు వేరే ఊళ్లో ఉండేవాళ్లు. వాళ్లు ఆ ఇల్లు అమ్మేశారు, కొన్నాయన పడగొట్టి అపార్ట్‌మెంట్ కడతానన్నాడు, ఖాళీ చేయమన్నారు. అది వాళ్ల హక్కు. అప్పటి నుంచి మొదలైంది మాకు టెన్షన్.

ఈ ఊరు ఇప్పుడు పదేళ్ల కిందటి ఊరు కాదు. 2016లో మెడికల్ కాలేజీ వచ్చింది, యూనివర్సిటీ ముందే ఉంది, దివిటిపల్లిలో ఐటీ టవర్ కట్టారు, చుట్టుపక్కల ఊళ్లన్నీ కలిసి టౌను పెద్దదైంది. మంచిదే. దాంతో పాటు కిరాయిలూ పెరిగాయి. పద్మావతి కాలనీ, న్యూటౌన్, శ్రీనివాస కాలనీ వైపు డబుల్ బెడ్రూం పోర్షన్ అడిగితే చెప్పే కిరాయి మా ఇద్దరి జీతాల్లో ఎంత వంతో లెక్కేసుకుంటేనే గుండె గుభేలుమంటుంది, పైన కరెంటు బిల్లు, నీళ్ల డబ్బులు, మెయింటెనెన్స్ వేరు. మేం ఏడు వేల లోపల వెతికాం. ఆ ధరలో దొరికే ఇళ్లే తక్కువ, వాటిలో కుక్కను రానిచ్చే ఇళ్లు ఇంకా తక్కువ. డబ్బున్నవాళ్లకు ఈ బాధ లేదన్నది గమనించండి, వాళ్లకు సొంత ఇల్లు, కాంపౌండు, గేటు మీద 'కుక్కలున్నవి జాగ్రత్త' అని బోర్డు ఉంటాయి. జంతువుల్ని ప్రేమించడం కిరాయి కట్టుకునే వాడికి ఎందుకు భారం కావాలి?

టులెట్ బోర్డు చూసి ఫోన్ చేస్తే అడిగే ప్రశ్నలు అందరికీ తెలిసినవే, ఎంతమంది, ఏం ఉద్యోగం, ఏ కులం, మాంసం వండుతారా, చుట్టాలు ఎక్కువ వస్తారా. (కులం అడగడం గురించి ఇంకో ఉత్తరం రాయాలి, ఇక్కడ వద్దు.) అన్నీ అయ్యి, ఇల్లు చూసి, నచ్చి, అడ్వాన్సు మాట్లాడుకునే దగ్గరికి వచ్చాక నేను కుక్క సంగతి చెబుతాను. దాచిపెట్టి తర్వాత గొడవ పడటం నాకిష్టం ఉండదు. అంతే, మాట అక్కడే తెగిపోతుంది. "కుక్క ఉన్నదా? అయితే ఇయ్యమమ్మా, ఏమనుకోకు." ఎంత పెద్దది, కరుస్తుందా, టీకాలు వేయించారా, ఎక్కడ కట్టేస్తారు, ఒక్క ప్రశ్న ఉండదు. రాజేంద్రనగర్‌లో ఒకాయనైతే ఫోన్లో మా ఆయనతో, కుక్కను ఎక్కడైనా వదిలేసి రండి సార్, ఇల్లు మీకే ఉంచుతా అన్నాడు. పాత చెప్పులు బయట విడిచి రమ్మన్నంత తేలిగ్గా అన్నాడు. అత్తమ్మ పక్కనే కూర్చుని వింటోంది. ఆ రాత్రి ఆమె అన్నం తినలేదు, పొద్దున లేచి నన్ను పక్కకు పిలిచి, నన్నూ దాన్నీ ఊళ్లో దింపి రా బిడ్డా, మీకు ఇల్లు దొరుకుతది అంది. డెబ్బై ఏళ్ల మనిషి, బీపీ, షుగర్, ఒక్కతే ఆ తాళం వేసిన ఇంట్లో. ఇల్లు ఇవ్వం అనే మాట ఇంట్లోవాళ్ల మీద ఎట్లా పడుతుందో ఓనర్లకు తెలియాలనే ఇది రాశాను, జాలి కోసం కాదు.

అందరూ ఒకే తీరుగా మాట్లాడలేదు, అదీ చెప్పాలి. ఒక ముస్లిం పెద్దామె కూర్చోబెట్టి చాయ్ ఇచ్చి, కింద మేం నమాజు చేసుకునే ఇల్లు బేటీ, కుక్క తిరిగితే మాకు కుదరదు, పిల్లి ఉంటే ఏం ఫరక్ పడదు అని సాఫీగా చెప్పింది. మడి ఆచారం ఉన్న ఇంకో ఇంట్లో కూడా అలాగే కారణం చెప్పి వద్దన్నారు. వాళ్ల మీద నాకు ఏ కోపమూ లేదు. ఒకే కప్పు కింద ఉండేటప్పుడు ఎవరి నమ్మకం వాళ్లది. కానీ ఓనరు వేరే వీధిలో ఉంటూ, కింద షట్టర్లు, పైన నాలుగు పోర్షన్లు కట్టి కిరాయిలకిచ్చే చోట కూడా 'నో పెట్స్' అని బోర్డు మీదే రాసేస్తుంటే దానికి ఏ కారణం చెబుతారు?

ఇల్లు దొరకనివాళ్లు చివరికి ఏం చేస్తారో నేను చూశాను. మే నెలాఖరు, జూన్ మొదట్లో, బడులు తెరిచే ముందు టౌన్లో ఇళ్లు మారేవాళ్లు ఎక్కువ. సరిగ్గా అప్పుడే వీధుల్లో కొత్త కుక్కలు కనపడతాయి. బోయపల్లి గేటు దగ్గర ఒక గోధుమరంగు కుక్కను చూశాను, మెడలో ఎర్ర బెల్టు అలాగే ఉంది, బెల్టుకు చిన్న గంట. వీధి కుక్కలు తరుముతుంటే ఆగి ఉన్న ఆటోల కిందికి దూరేది, ఏదైనా తెల్ల కారు ఆగితే మాత్రం బయటికొచ్చి డోరు దగ్గర నిలబడి చూసేది. డోరు తీసి దిగిన మనిషి తనవాడు కాకపోతే మళ్లీ వెనక్కి పోయేది. బిస్కెట్ వేస్తే తినలేదు. వదిలేసినవాళ్లు రాక్షసులని నేననను, బహుశా వాళ్లూ ఏడ్చే ఉంటారు, బహుశా వాళ్లకూ ఎవరో ఇల్లు మీకే ఉంచుతా అని ఆశ చూపించే ఉంటారు. ఇంట్లో పెరిగిన కుక్కకు చెత్తకుప్పలో తిండి ఏరుకోవడం రాదు, బండ్లను తప్పించుకోవడం రాదు. చాలావరకు చచ్చిపోతాయి. బతికిన ఆడకుక్క, ఆపరేషన్ కాకపోతే, పిల్లల్ని పెడుతుంది. కుక్క గర్భం రెండు నెలలే, ఏడాదికి రెండు ఈతలు ఈనగలదు. ఏడాది తిరిగేసరికి అదే వీధిలో అదే ఓనరు కుక్కలు ఎక్కువయ్యాయని మున్సిపాలిటీకి అర్జీ పెడతాడు. ఇల్లు ఇవ్వననే మాటకూ ఆ అర్జీకీ ఉన్న సంబంధం ఎవరూ చూడరేం?

భయం లేదని నేననడం లేదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబును వీధి కుక్కలు చంపేసిన వీడియో చూసి నేను కూడా నిద్రపోలేదు, నాకూ పిల్లలున్నారు. మరుసటి ఏడాది, 2024 ఫిబ్రవరిలో మన జిల్లాలోనే, అడ్డాకల్ మండలం పొన్నకల్‌లో దాదాపు 20 వీధి కుక్కలను రాత్రిపూట తుపాకీతో కాల్చి చంపారు. ఈ రెండు వార్తలు చదివాక నాకు అనిపించింది ఒకటే, కుక్క రోడ్డు మీదికి చేరాక అటు మనిషికీ సుఖం లేదు, ఇటు దానికీ సుఖం లేదు. ఇంట్లో ఉన్నదాన్ని ఇంట్లోనే ఉండనిస్తే, దానికి టీకా వేయించే మనిషి, అన్నం పెట్టే మనిషి, గొలుసు పట్టుకునే మనిషి ఉంటారు.

చట్టం ఏం చెబుతుందో కూడా చాలామందికి తెలియదు కాబట్టి నాకు తెలిసినంత రాస్తాను. సాకిన జంతువును సరైన కారణం లేకుండా, అది ఆకలిదప్పులతో బాధపడేలా వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ కింద నేరం. మొదటిసారికి జరిమానా ఎంతో తెలుసా, 10 నుంచి 50 రూపాయలు. అరవై ఏళ్లు దాటినా ఆ అంకె మారలేదు. అపార్ట్‌మెంట్ల విషయానికొస్తే, భారత జంతు సంక్షేమ బోర్డు 2015లో మార్గదర్శకాలు ఇచ్చింది. మెజారిటీ తీర్మానం చేసినా సరే, పెంపుడు కుక్కలను నిషేధించే అధికారం రెసిడెంట్స్ అసోసియేషన్లకు లేదని, కుక్క సైజు, జాతి చూసి వద్దనడానికి లేదని, మొరుగుతుందనే కారణంతో నిషేధించకూడదని, లిఫ్టులో ఎక్కనివ్వం అనకూడదని అందులో ఉంది. మరి మన దగ్గర కొన్ని అపార్ట్‌మెంట్లలో గేటు దగ్గరే బోర్డు పెడతారు, వాచ్‌మెన్ చేత వెనక్కి పంపిస్తారు. పోతే, అసోసియేషన్ వేరు, ఇంటి ఓనరు వేరు. నా ఇల్లు నా ఇష్టం అని ఓనరు అంటే అతన్ని బలవంతపెట్టే చట్టమేదీ మనకు లేదు. 2021లో కేంద్రం తెచ్చిన మోడల్ టెనెన్సీ చట్టంలో రాతపూర్వక ఒప్పందం ఉండాలని, ఇంటి అడ్వాన్సు రెండు నెలల కిరాయికి మించకూడదని ఉంది, దాన్ని అమలు చేయాలా వద్దా అన్నది రాష్ట్రాల ఇష్టానికి వదిలేశారు. కాబట్టి నేను చట్టంతో బెదిరించడానికి రాయడం లేదు, ఓనర్లను అడగడానికే రాస్తున్నాను.

వాళ్ల అభ్యంతరాలు నేనూ విన్నాను, కొన్ని న్యాయమైనవే. ఇంతకుముందు ఒకరికి ఇస్తే తలుపులన్నీ గీకేశారని, మేడ మీద కుక్క పెంట ఎండిపోయి కంపు కొట్టిందని, పగలంతా కట్టేసి ఉద్యోగాలకు పోతే అది అరిచి అరిచి పక్కింటి చంటిపిల్లను లేపేసిందని చెప్పారు. గోడల సందుల్లో గోమార్లు పట్టి సున్నం వేయించినా పోలేదని ఒకామె చెప్పింది. కుక్కలు పెంచే మావాళ్లలో బాధ్యత లేనివాళ్లు ఉన్నారు, దాచడం ఎందుకు. ఏప్రిల్ ఎండ 42 డిగ్రీలు కొట్టే పాలమూరులో మంచు దేశాల హస్కీని కొనుక్కొచ్చి, ఏసీ బిల్లు చూసి భయపడి వదిలించుకునేవాళ్లను చూస్తే నాకూ ఒళ్లు మండుతుంది. కానీ తాగి గొడవ చేసే కిరాయిదారు ఒకడు తగిలాడని మనుషులకే ఇల్లు ఇవ్వడం మానేశారా? మంచి చెడ్డ విచారించుకుని ఇస్తున్నారు. కుక్క విషయంలోనూ ఆ విచారించేదేదో చేయండి అంటున్నాను.

అలా విచారించిన మనిషి దొరికాడు కాబట్టే ఈ ఉత్తరం రాసే ధైర్యం వచ్చింది. ఏనుగొండ దాటాక, ఆర్టీసీలో చేసి రిటైర్ అయిన ఒక పెద్దాయన ఇల్లు. రేకుల ఇల్లే, ఎండాకాలం కష్టమే, బడికి ఆటో ఖర్చు పెరిగింది. అయినా ప్రహరీ ఉంది, వేపచెట్టు ఉంది. నేను కుక్క సంగతి చెప్పగానే ఆయన వద్దనలేదు, దాన్ని తీసుకుని ఒకసారి రా అమ్మా, చూస్తా అన్నారు. తీసుకెళ్తే గడప బయటే కుర్చీ వేసుకుని కూర్చుని దాని వైపు చూడకుండా మాతో మాట్లాడుతూ ఉన్నారు. చిట్టి కాసేపు దూరం నుంచి వాసన చూసి, దగ్గరికొచ్చి ఆయన చెప్పు నాకి, కాళ్ల దగ్గర పడుకుంది. అప్పుడు చేయి కిందికి జార్చి దాని చెవి పట్టుకుని చూశారు, గోమార్లున్నాయా అని. టీకా కార్డు అడిగారు. జిల్లా పశువైద్యశాలలో వేయించిన రేబిస్ టీకా తేదీ, డాక్టరు సంతకం చదివి, మళ్లీ ఎప్పుడు వేయించాలో కూడా నన్నే అడిగారు. ఆపరేషన్ అయిందా అన్నారు, అయింది.

తర్వాత షరతులు చెప్పారు, స్టాంపు పేపరు మీద పదకొండు నెలల ఒప్పందంలో అవన్నీ రాయించారు. మామూలు అడ్వాన్సు మీద ఒక నెల కిరాయి ఎక్కువ ఇవ్వాలి, పోయేటప్పుడు తలుపులు, గోడలు చూసుకుని ఖర్చు ఉంటే పట్టుకుని మిగతాది తిరిగి ఇస్తారు. ఏటా టీకా వేయించి కార్డు చూపించాలి. గేటు దాటితే గొలుసు ఉండాలి. పెంట ఎప్పటికప్పుడు ఎత్తేయాలి, పక్కవాళ్ల గడప ముందు కూర్చోబెట్టకూడదు. ఇంట్లో మనిషి లేకుండా పొద్దంతా కట్టేసి పోకూడదు. రాత్రి అరుపుల మీద పక్కింటివాళ్లు చెబితే మాట్లాడుకుని సర్దుకోవాలి. ఇందులో కష్టమైనది ఒక్కటి కూడా లేదు, సంతోషంగా సంతకం పెట్టాం. నెలనెలా కిరాయి మీద ఐదొందలో వెయ్యో కుక్క పేరు చెప్పి ఎక్కువ అడిగినవాళ్లను కూడా చూశాం, దానికంటే ఇది న్యాయం. అడ్వాన్సు తిరిగొచ్చే డబ్బు, నెలనెలా పోయే వెయ్యి మాలాంటివాళ్లకు పిల్లాడి ట్యూషన్ ఫీజు.

పిల్లి గురించి ఆయన ఒక్క మాటే అన్నారు, ఎలుకలు పట్టుద్దా అని.

ఓనర్లందరూ ఇట్లా చేయగలరు, పెద్ద కష్టం కాదు. కొన్ని పనులు మాత్రం కార్పొరేషన్ వాళ్లు, పశుసంవర్ధక శాఖ వాళ్లు చేయాలి. పెంపుడు కుక్కకు నమోదు కార్డు ఒకటి, దాని ఫొటో, టీకా తేదీ, ఆపరేషన్ వివరం, పెంచేవాళ్ల ఫోన్ నంబరుతో ఇస్తే ఓనరుకు చూపించడానికి మా చేతిలో ఒక కాగితం ఉంటుంది, వదిలేసినవాళ్లు ఎవరో కూడా తెలిసిపోతుంది. జూలై 6న జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినం, సెప్టెంబరు 28న రేబిస్ దినం అని పశువైద్యశాలల్లో ఉచిత టీకాలు వేస్తుంటారు, చాలా మంచి పని. అదే క్యాంపును మే నెలలో, ఇళ్లు మారే రోజుల్లో, కాలనీల్లోనే ఒకటి పెట్టి, స్తోమత లేనివాళ్ల కుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు కూడా చేస్తే ఎంత మేలు. వీధి కుక్కలకు ఆపరేషన్, టీకా వేయించి పట్టిన చోటే వదిలే బాధ్యత 2023 జంతు జనన నియంత్రణ (ఏబీసీ) నిబంధనల ప్రకారం స్థానిక సంస్థలదే. రేపు వీధిలోకి వచ్చే కుక్కను ఈ రోజే ఇంట్లో ఆపగలిగితే ఆ ఖర్చులో కొంత మిగులుతుంది కదా.

ఇంకోటి, ప్రభుత్వం కట్టిచ్చిన డబుల్ బెడ్రూం ఇళ్ల గురించి. అక్కడికి చేరేవాళ్లలో గుడిసెల నుంచి, రేకుల షెడ్ల నుంచి వచ్చేవాళ్లు ఎక్కువ, వాళ్ల దగ్గర కుక్కో, మేకో, నాలుగు కోళ్లో ఉంటాయి. మేకను బ్లాకు మెట్లెక్కించమని నేననను. కానీ అక్కడ కమిటీలు వేసుకుని నియమాలు రాసుకునేటప్పుడు, వాటికి కింద ఒక మూల షెడ్డు, నీళ్ల తొట్టి పెట్టే ఏర్పాటు గురించి కూడా అధికారులు మాట్లాడితే బాగుంటుంది. ఇందిరమ్మ ఇళ్లకు ఇచ్చే 5 లక్షలు సొంత జాగా ఉన్నవాళ్లకు, వాళ్లకు ఈ చిక్కు లేదు. జాగా లేక కిరాయిల్లో తిరిగేవాళ్లదే అసలు బాధ.

నల్లగొండలో ఉండే మా చెల్లెలు కూడా ఇదే కష్టంలో ఉంది. వాళ్ల ఆయనకు మిర్యాలగూడ నుంచి బదిలీ అయింది, ఇల్లు దొరికేదాకా వాళ్ల కుక్కను మా చిట్టి పక్కనే కట్టేశాం. పెద్దాయనను ముందే అడిగాను, రెండు నెలలే అని మాట తీసుకుని సరే అన్నారు. ఆ లోపల దానికి ఇల్లు దొరకాలి.

చివరిగా మీ పత్రికకు ఒక విన్నపం. ఆదివారం మీ జిల్లా అనుబంధంలో వచ్చే టులెట్ ప్రకటనల్లో 'ఫ్యామిలీలకు మాత్రమే', 'వెజిటేరియన్లకు ప్రాధాన్యం' అని వేస్తుంటారు. ప్రకటన తీసుకునేటప్పుడే పెంపుడు జంతువులు ఉండొచ్చా అని మీ ఏజెంట్లు ఓనరును ఒక్క మాట అడిగి, సరేనంటే ఆ ముక్క కూడా వేయండి. మాలాంటివాళ్లు ఫోన్ చేయాల్సిన నంబర్లేవో మాకు తెలుస్తాయి. నల్లగొండలో రామగిరి, పానగల్ రోడ్డు వైపు ఏడెనిమిది వేల లోపల అలాంటి ఇల్లు ఎవరికైనా ఉంటే మీ కార్యాలయానికి చెప్పమనండి, మా చెల్లెలు టీకా కార్డు పట్టుకుని వస్తుంది, కావాలంటే కుక్కను కూడా వెంట తెస్తుంది.

ఇట్లు,
ఒక టీచరమ్మ,
ఏనుగొండ, మహబూబ్‌నగర్